కారు పైకప్పు మీద చేప పొలుసులు

మా మిషను ఆస్పత్రి వాళ్ళు ఆ మధ్య ఒక వార్షికోత్సవ సంచిక వేశారు. నడిమి పేజీలో పాలమీగడ రంగు కారు ఫొటో ఉంది. కారు ముందు డాక్టరమ్మ గారు, ఆమె పక్కన మేనేజరు, ఆయన పక్కన కాంపౌండరు నిలబడి ఉన్నారు. డ్రైవరు వైపు కిటికీలోంచి ఒక మోచెయ్యి మాత్రం బయటికి కనబడుతుంది. ఆ మోచెయ్యి నాది. నిలబడ్డ ముగ్గురి పేర్లూ కింద వేశారు. మోచెయ్యి ఎవరిదో వేయలేదు.

అంతవరకు సహించాను. సహించలేనిది ఆ పేర్ల కింద రాసిన మాట. సముద్రపు గాలిలో, ఉప్పునీళ్ళలో అన్నేళ్ళు తిరిగినా ఆ కారు గట్టిగా నిలవడానికి అప్పటి మేనేజరు గారి శ్రద్ధే కారణమట.

సంచిక కోసం పాత ఉద్యోగుల ఇళ్ళకు తిరిగిన కుర్రవాళ్ళు మా వీధికి కూడా వచ్చారు. ఎదురింట్లో రిటైరైన నర్సమ్మ దగ్గర కూర్చుని కాఫీ తాగారు. ఆమె చెప్పినవన్నీ రాసుకున్నారు. నేను మా అరుగు మీదే ఉన్నాను. నా వైపు ఒకసారి చూసి గొడుగులు తెరుచుకుని వెళ్ళిపోయారు. డ్రైవరు చెప్పేదేముంటుంది అనుకున్నారేమో. ఉంది. మేనేజరు గారు నన్ను ఒక మాట అన్నారు. ఆ మాట తప్పని తేలిన రోజున ఆయన కూడా అక్కడే ఉన్నారు, అందరికంటే ఎక్కువగా తడిసిపోయి. అయినా ఇప్పటిదాకా దాన్ని వెనక్కి తీసుకోలేదు. అడిగేవాళ్ళు లేరు కాబట్టి అడగకుండానే చెబుతున్నాను.

ఇప్పటి డ్రైవర్లకు ముందుగా ఒక సంగతి చెప్పాలి. మన నెల్లూరు తీరంలో చలికాలం అంటే వణికించే చలి కాదు. ఈశాన్యం గాలి తిరిగిన దగ్గరనుంచి పుష్యమాసం దాకా ఏదీ ఆరదు. వాన పడుతుంది, తెరిపి ఇస్తుంది, మళ్ళీ పడుతుంది. వాన లేని పూట సముద్రం మీదినుంచి సన్నటి తేమ వచ్చి అన్నింటికీ అంటుకుంటుంది. కారు అద్దం మీద వేలు రాసి నాలుకకు తగిలిస్తే ఉప్పగా ఉంటుంది. ఎండాకాలంలో ఈ ఉప్పు ఇనుము మీద ఊరకే పడుకుని ఉంటుంది. చలికాలంలో తడి తగలగానే లేచి పని మొదలుపెడుతుంది. కొడవలూరు వైపు వరిచేల మధ్య తిరిగే బండి ఎన్నేళ్ళయినా కింద నల్లగా, గట్టిగా ఉంటుంది. మా వైపు తిరిగే బండి రెండు చలికాలాలకే అడుగున పొరలు పొరలుగా లేస్తుంది. గోటితో గీకితే అప్పడం ముక్కల్లా రాలుతుంది.

నేను చేరినప్పుడు ఆస్పత్రికి ఒక పాత వ్యాను ఉండేది. చేరిన కొత్తలో ఒకరోజు గూడూరు నుంచి వస్తున్నాం. మేనేజరు గారు కాళ్ళ దగ్గర పెట్టుకున్న టిఫిన్ క్యారియరు ఉన్నట్టుండి కనబడకుండా పోయింది. నేల రేకు ఊడి, క్యారియరుతో సహా రోడ్డు మీద పడింది. వెనక్కి పోయి చూస్తే రేకు ఒకచోట, సాంబారు గిన్నె ఒకచోట.

"నువ్వొచ్చినాకే ఇట్టయింది" అన్నారు మేనేజరు గారు.

"నేనొచ్చి నెల కూడా కాలేదండీ. ఈ రేకు నేను బళ్ళో చదువుకునేటప్పుడే తుప్పు పట్టడం మొదలుపెట్టుంటుంది" అన్నాను.

అనకూడదని తరువాత కాంపౌండరు చెప్పాడు. ఎందుకు అనకూడదో ఈనాటికీ నాకు అర్థం కాలేదు. మా ఇద్దరి మధ్య సంగతి ఆ సాంబారుతో మొదలైంది.

ఆ వ్యాను పోయాక, పందొమ్మిది వందల అరవై ప్రాంతంలో, ఎవరో పుణ్యాత్ములు ఇచ్చిన విరాళంతో మద్రాసు నుంచి పాలమీగడ రంగు కారు తెచ్చుకున్నాం. పైన సామాను పెట్టుకునే కమ్మీలు, వెనక మందుల పెట్టెలు పట్టేంత చోటు. డాక్టరమ్మ గారు తాళాలు నా చేతికిస్తూ, "ఇది పోతే మనకు ఇంకోటి రాదు. పాలేలకు పోవడం కూడా దీనితోనే ఆగిపోతుంది. చూసుకో" అన్నారు. ఆమె తక్కువ మాట్లాడే మనిషి. అంత పొడుగ్గా నాతో మాట్లాడటం అదే మొదటిసారి. అందువల్ల నేను దాన్ని ఆజ్ఞగా తీసుకున్నాను.

పాలేలంటే సముద్రపు ఒడ్డున చేపలు పట్టుకుని బతికేవాళ్ళ ఊళ్ళు. చిల్లకూరు దాటి తూర్పుకు తిరిగితే కొంత దూరం కంకర రోడ్డు, తరువాత ఉప్పుకాలవ, ఆ తరువాత అంతా ఇసుక. పోటు తగ్గినప్పుడు కాలవలో నీళ్ళు చక్రాల సగానికి వచ్చేవి. అవతల ఇసుకలో కారు కూరుకుపోకుండా పాలెం వాళ్ళు తాటిమట్టలు పరిచి ఉంచేవాళ్ళు. కారు శబ్దం వినగానే ఆడవాళ్ళు, మగవాళ్ళు ఎదురొచ్చి మట్టలు సర్దేవాళ్ళు. వారానికోసారి అక్కడొక తాటాకు పందిట్లో డాక్టరమ్మ గారు రోగుల్ని చూసేవారు.

మా నాన్న బిట్రగుంటలో రైలింజన్లు తుడిచే పని చేశాడు. నూనె గుడ్డ పట్టుకోవడం నాకు ఆయన నేర్పిందే. కాబట్టి ఆ కారును నేను ఎట్లా చూసుకున్నానో చెబితే ఇప్పటివాళ్ళు నమ్మరు. ఆస్పత్రి వెనక కాలువ గట్టున రెండు దుంగలు వేసి, కారును వాటి మీదికి ఎక్కించి, కిందికి దూరేవాణ్ణి. పాలెం నుంచి రాగానే అడుగుభాగమంతా బావినీళ్ళతో కడగడం, మడ్‌గార్డుల లోపల ఇరుక్కున్న బురదను వెదురుపుల్లతో గీకడం, ఆరాక ఇంజనులోంచి దించిన పాత ఆయిలులో గ్రీజు కలిపి కుంచెతో పట్టించడం. తలుపుల అడుగున నీళ్ళు పోవడానికి చిన్న బెజ్జాలు ఉంటాయి. అవి మూసుకుపోతే తలుపు లోపలనుంచి కుళ్ళుతుంది. వాటిని చీపురుపుల్లతో తీసేవాణ్ణి. పైరంగు మీదికి పాలిష్ కావాలంటే మేనేజరు గారు "కారుకు పౌడరు గూడా కావాల్నా?" అన్నారు. అందుకని గుడిలో మిగిలిపోయిన కొవ్వొత్తి ముక్కలు పాస్టరు గారిని అడిగి తెచ్చుకుని, నీళ్ళ గిన్నెలో పెట్టి కరగబెట్టి, కిరసనాయిలు కలిపి నేనే తయారు చేసుకున్నాను. దాన్ని పలచగా రాసి పాత పంచె ముక్కతో తుడిస్తే వాన చుక్క కారు మీద నిలిచేది కాదు. తామరాకు మీద జారినట్టు జారిపోయేది.

ఇంత చేసినా, మొదటి చలికాలం పోయేసరికి కారు రంగు అక్కడక్కడ పొక్కుల్లా ఉబ్బింది. పొక్కు చిదిపితే కింద ఎర్రటి పొడి.

అడుగున వచ్చి ఉంటే నాకు అంత బాధ ఉండేది కాదు. ఉప్పుకాలవ దాటే బండికి అడుగున కొంత తప్పదు. కానీ అడుగుభాగం బాగానే ఉంది. పొక్కులు వచ్చింది పైకప్పు అంచుకు. వాన నీళ్ళు పక్కకు పోవడానికి పైకప్పు చుట్టూ సన్నటి కాలువలాగా ఒక మడత ఉంటుంది చూడండి, అందులో. తరువాత కిటికీ అద్దం దిగే సందుల్లో. ముందు మూత అంచుల్లో. చక్రాలు చిమ్మిన ఉప్పునీళ్ళు అంత పైకి ఎట్లా ఎక్కుతాయి? వాన నీళ్ళలో ఉప్పు ఉండదు. గాలి తేమే అనుకుందామంటే ఆస్పత్రి గేటు రేకు కూడా ఆ గాలిలోనే ఉంది, దానికేమీ కాలేదు. నాకు అన్నం సయించేది కాదు. గరుకు కాగితంతో గీకి, రెడ్ ఆక్సైడు పూసి, పైన రంగు వేసి, మళ్ళీ మైనం రాశాను. ఎండాకాలమంతా ఒక్క పొక్కు రాలేదు. మళ్ళీ ఈశాన్యం గాలి తిరిగింది. మళ్ళీ అక్కడే మొదలైంది.

కార్తీకమాసంలో ఒక ఉదయం మేనేజరు గారు చేతులు వెనక్కి కట్టుకుని కారు చుట్టూ తిరిగారు. స్టూలు తెప్పించుకుని ఎక్కారు. పైకప్పు అంచు మడతలోంచి దేన్నో వేలితో తీసి, వెలుగుకు పట్టి చూశారు. దిగి, వరండాలోకి వచ్చి, రోగులంతా చూస్తుండగా నా ముందు చెయ్యి చాపారు.

"ఇదేందయ్యా?"

చూశాను. చేప పొలుసు. ఒకటి కాదు, రెండు మూడు ఉన్నాయి. వెండి రేకుల్లా మెరుస్తున్నాయి.

"చేప పొలుసండీ."

"అది నాకూ తెలుస్తా ఉండాది. కారు నెత్తి మీదికి ఎట్టా వచ్చింది? ఎగిరొచ్చిందా?"

నేను పైకప్పు వైపు చూశాను. ఆయనే మళ్ళీ అందుకున్నారు.

"చేపల గంపలు మోస్తా ఉండావు నువ్వు. దేవుడి పని చేసే కారు మీద చేపల గంపలు! ఉప్పునీళ్ళు కారి కారి రంగు ఊడిపోతా ఉంటే, గాలంటావు, తేమంటావు."

అక్కడ ఎవరెవరున్నారో నాకు ఇప్పటికీ గుర్తుంది. చంటిబిడ్డతో వచ్చిన గూడూరు ఆవిడ, కాలికి కట్టు కట్టించుకుంటున్న బండి తోలే ముసలాయన, మా నర్సమ్మ. నర్సమ్మ తల వంచుకుంది. నేను అబద్ధమాడతానని ఆమె అనుకోలేదు, కానీ పొలుసు అబద్ధమాడదు కదా. "గంపలు మోయలేదండీ" అన్నాను. "పొలుసు మోసినావు గదా" అన్నారు. బండి తోలే ముసలాయన నవ్వాడు. ఆ నవ్వును కూడా నేను మర్చిపోలేదు.

అప్పటికే ఆయన పైవాళ్ళకు చెప్పి పెట్టారు. క్రిస్మస్ అయిన వెంటనే ఆస్పత్రి కమిటీవాళ్ళు వచ్చి కారును చూస్తారు. ఉప్పుకు పాడవుతోందని తేలితే దాన్ని సముద్రానికి దూరంగా పైతట్టున ఉన్న మరో ఆస్పత్రికి పంపించేస్తారు. పాలేలకు పోవడం ఆగిపోతుంది. నన్ను గేటు దగ్గర కూర్చోబెడతారు. స్టీరింగు పట్టుకున్న చేత్తో గేటు గడియ తీస్తూ వేస్తూ బతకాలి. దానికంటే కష్టమైనది ఇంకోటి ఉంది. నేను గంపలు మోయబట్టే పాలెం వాళ్ళకు డాక్టరు లేకుండా పోయిందని చెప్పుకుంటారు.

డాక్టరమ్మ గారి దగ్గరకు వెళ్ళాను. ఆమె నన్ను అడగలేదు, ఓదార్చలేదు. "వచ్చే వారం మేనేజరు గారు కూడా మనతో వస్తానన్నారు. రానీ" అన్నారు. పాలెం పని చూడటానికని ఆయన చెప్పారట. నన్ను పట్టుకోవడానికని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకూ తెలుసు. కాంపౌండరుకు కూడా తెలుసు.

బయలుదేరిన రోజు తెల్లవారినప్పటినుంచీ వాన తుంపర. మేము పాలెం చేరేసరికి కాస్త తెరిపి ఇచ్చింది. మట్టలు పరిచిన మగవాళ్ళు "వందనాలమ్మా, వందనాలు డ్రైవరన్నా" అన్నారు. మేనేజరు గారికి కూడా దండం పెట్టారు గాని, ఆయన వాళ్ళ చేతుల్లో గంపలున్నాయేమో చూస్తున్నారు.

పాలెంలో ఒక పద్ధతి ఉండేది. డాక్టరమ్మ గారు పని మొదలుపెట్టి, మందుల పెట్టెలు దించడం కాగానే నన్ను అన్నానికి పిలిచేవాళ్ళు. పాలెం పెద్ద భార్య, నేను అక్కా అని పిలిచేవాణ్ణి, ఆమె ఇంట్లో. వద్దన్నా ఊరుకునేవాళ్ళు కాదు. ఆకలి లేదన్నా ఊరుకునేవాళ్ళు కాదు. తొందరగా తిని లేస్తే ఆ అక్క "ఏందన్నా, అప్పుడే లేస్తా ఉండావు? ఇంకొంచెం పులుసు పోసుకో. కారు ఏడికీ పోదులే" అని కూర్చోబెట్టేది. నా తిండి మీద వాళ్ళకంత శ్రద్ధ ఎందుకో అనుకునేవాణ్ణి. బాగా తినే మొహం అనుకున్నారేమో అని సంతోషించాను కూడా.

ఆ రోజు మేనేజరు గారినీ పిలిచారు. ఆయన రెండు ముద్దలు తిని, "తలనొప్పిగా ఉండాది, కార్లో పడుకుంటా" అని లేచారు. అక్క ముఖం మారింది. "ఈడే పడుకోండయ్యా, చాప వేస్తా" అంది. ఆయన వినలేదు. ఆ మారిన ముఖం చూసి ఆయనకు అనుమానం రెట్టింపై ఉంటుంది. నాకూ ఏదో కీడు తోచింది గాని పులుసు బాగుంది, నేను లేవలేదు. పైగా నేను లేచి వెంట పోతే గంపలు దాచడానికి పోయానంటారు.

కాసేపటికి బయటనుంచి ఒక అరుపు వినబడింది. నా సర్వీసులో చాలా అరుపులు విన్నాను. కాన్పుల అరుపులు, విరిగిన చేతుల అరుపులు. అట్లాంటిది వినలేదు.

ఎంగిలి చేత్తోనే పరిగెత్తాను. కారు చుట్టూ ఆరేడుగురు మగవాళ్ళు, ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. అందరి చేతుల్లో చేపలు వేసుకునే తొట్టెలు, కుండలు. కారు పైనుంచి కింది దాకా నీళ్ళు కారుతున్నాయి. వెనక తలుపు తెరుచుకుని మేనేజరు గారు బయటికి వస్తున్నారు. తలనుంచి కాళ్ళ దాకా తడిసి, కళ్ళు మండిపోయి, కళ్ళజోడు ఒక చెవికి వేలాడుతూ ఉంది. గంపలు ఎక్కించేటప్పుడు చూడటానికని కిటికీ అద్దం దించి, సీటు మీద దుప్పటి కప్పుకుని పడుకున్నారట. ఆ కిటికీలోంచే తొట్టెడు సముద్రం లోపలికి వచ్చింది.

"ఓయమ్మా, లోపల మనిషి ఉండాడే!" అంది ఒకావిడ.

"ఎవుర్రా నా మీద నీళ్ళు పోసింది?" మేనేజరు గారు.

"మీ మీద ఎవురు పోసినారయ్యా? కారు మీద గదా పోసింది. మీరు మధ్యలో పడుకోనుండారు" అన్నాడొకడు, చాలా మర్యాదగా.

నేను ఒక వేలు కారు తలుపుకు రాసి నాలుకకు తగిలించాను. అప్పటికి నాకు సగం తెలిసిపోయింది. పాలెం పెద్ద వైపు తిరిగాను.

"ఏందన్నా ఇది? కారు మీద సముద్రం నీళ్ళు కొడతా ఉండారే!"

"కొట్టమా మరి? వాన పడింది గదా."

"పడితే?"

"పడితే ఏందంటావు ఏందబ్బా? వాన నీళ్ళు అట్టనే వదిలేస్తే పుచ్చిపోదా? పడవలోనైనా అంతే గదా. వాన పడిన ప్రతిసారీ తోడిపోసి, ఉప్పునీళ్ళు కొట్టాల. అప్పుడే కట్టె గట్టిగా ఉంటాది. మంచినీళ్ళు నిలిస్తే ఏడాదికి మెత్తబడిపోద్ది."

"ఇది కట్టె కాదన్నా. ఇనుము!"

"ఇనుమైతే ఇంకా గట్టిది. ఉప్పుకు భయపడతాదా?" అని ఆయన నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆపేశాడు.

"ఎప్పటినించి చేస్తా ఉండారు?"

"ఈ కారు మా ఒడ్డుకు వచ్చిన్నాటి నించి. వాన పడిన ప్రతి తూరీ."

"నాకు ఒక్క మాట చెప్పలేదే!"

ఆయన నన్ను వింతగా చూశాడు. "చెప్తారా ఎవురన్నా? వేరే ఊరి పడవ మన ఒడ్డుకు వస్తే, దాని మనుషుల్ని ఇంట్లో కూర్చోబెట్టి అన్నం పెట్టాల. వాళ్ళు తినేలోపల పడవ కడిగిపెట్టాల. కడిగినామని చెప్పుకోకూడదు. చెప్పుకుంటే అది మర్యాద కాదు, కూలి."

నేను ఇసుకలో కూర్చుండిపోయాను. ఏడ్చానని కాంపౌండరు తరువాత అందరికీ చెప్పాడు. అది అబద్ధం. వాన తుంపర మళ్ళీ మొదలైంది, అంతే. కానీ ఒక మాట ఒప్పుకుంటాను. ఆ క్షణంలో నాకు కలిగినంత తేలిక పెళ్ళిరోజున కూడా కలగలేదు. రెండు చలికాలాలు నేను నన్నే అనుమానించుకున్నాను. నా నూనె మంచిది కాదేమో, నా మైనం పనికిరాదేమో, మా నాన్న నేర్పింది నేను సరిగ్గా నేర్చుకోలేదేమో అని. ఏదీ కాదు. పైకప్పు అంచుకు ఉప్పు ఎట్లా ఎక్కిందో తెలిసింది. ఎండాకాలంలో పొక్కులు ఎందుకు రాలేదో తెలిసింది. వాన తడిలో ఉప్పునీళ్ళ తడి నాకెందుకు కనబడలేదో తెలిసింది. పొలుసు ఎక్కడనుంచి వచ్చిందో, ఇదిగో, తొట్టెకు ఇంకా అంటుకుని ఉంది.

పందిట్లోంచి డాక్టరమ్మ గారు వచ్చారు. సంగతి విని, కారునూ మేనేజరు గారినీ మార్చి మార్చి చూశారు. ఆమె పెదవులు బిగబట్టి నవ్వు ఆపుకోవడం అంతకుముందు నేనెన్నడూ చూడలేదు.

అక్క ముందుకొచ్చింది. "అయితే కారు పాడైంది మావల్లనేనామ్మా? మేమే పాడు చేసినామా?"

"పాడైనచోట మా డ్రైవరు బాగు చేసుకుంటాడు" అన్నారు డాక్టరమ్మ గారు. "కారుకు ఇంత మర్యాద చేసినవాళ్ళు ఇంకెక్కడా లేరు. ఈసారినుంచి దానికి సముద్రం వద్దు, అంతే."

"మరి వాన నీళ్ళు?"

"వాన నీళ్ళే దానికి మంచివి" అన్నాను నేను.

పాలెం పెద్ద కారు చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. "విచిత్రమైన పడవ" అన్నాడు చివరికి.

తిరుగు ప్రయాణంలో మేనేజరు గారి కింద పాత వార్తాపత్రికలు పరిచాం. ఉప్పు ఆరేకొద్దీ ఆయన మెడ గోక్కుంటున్నారు. నేను పొరపాటైందనే మాట కోసం ఎదురుచూస్తూ నడిపాను. చిల్లకూరు రాకముందే అంటారనుకున్నాను. చిల్లకూరు దాటింది. ట్రంకు రోడ్డు ఎక్కాక అంటారనుకున్నాను. ఆయన నోరు తెరిచారు. నేను బండి కాస్త నెమ్మది చేశాను, ఇంజను శబ్దంలో వినబడకుండా పోతుందని.

"తువ్వాలు ఉండాదా?" అన్నారు.

ఇచ్చాను. కాంపౌండరు వెనకనుంచి ముందుకు వంగి, ఆయన భుజం మీదినుంచి దేన్నో తీసి, వెలుగుకు పట్టి చూశాడు. చేప పొలుసు.

"మేనేజరు గారూ, మీరు గూడా గంపలు మోసినారాండీ?" అన్నాడు.

డాక్టరమ్మ గారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. ఆమె భుజాలు కదులుతున్నాయి. కాంపౌండరు మీద నాకు చాలా ఫిర్యాదులున్నాయి గాని, ఆ ఒక్క మాటకోసం అన్నీ క్షమించాను. దాదాపు అన్నీ.

మరుసటి రోజునుంచి కమిటీవాళ్ళు వచ్చేదాకా నేను కారును వదల్లేదు. పైకప్పు మడతను, కిటికీ సందులను బావినీళ్ళతో మళ్ళీ మళ్ళీ కడిగాను. ఉప్పు పోయిందని నాలుకతో చూసుకున్నాకే ఆరబెట్టాను. ఇది మాత్రం కుర్రవాళ్ళు గుర్తుపెట్టుకోండి. ఉప్పు కింద ఉండగా పైన నూనె రాసినా, మైనం రాసినా దొంగను లోపల పెట్టి తాళం వేసినట్టే. ముందు కడగాలి, పూర్తిగా ఆరాలి, తరువాతే పూత. పొక్కులన్నీ ఇనుము తెల్లగా కనబడేదాకా గీకి, రెడ్ ఆక్సైడు రెండు పూతలు వేసి, పైన రంగు కలిపాను. క్రిస్మస్ ఆరాధనలో వెలిగించిన కొవ్వొత్తుల ముక్కలన్నీ పాస్టరు గారు నాకోసం దాచి ఉంచారు.

ఈలోగా పాలెం వంతు మళ్ళీ వచ్చింది. కాలవ దాటి ఇసుక ఎక్కగానే పందిటి పక్కన ఒక వరస కనబడింది. మంచినీళ్ళ కడవలు. నోటికి ఆకులు కప్పి ఉన్నాయి. ఆ పాలెంలో మంచినీళ్ళంటే ఏమిటో మీకు తెలియదు. ఆడవాళ్ళు ఇసుకలో చెలమలు తవ్వి, ఊరిన నీళ్ళను చిప్పతో తోడి తోడి కడవ నింపాలి. బిడ్డలకు తాగడానికి కూడా కొలిచి పోసేవాళ్ళు.

"కారుకు" అంది అక్క. "ఇది మంచినీళ్ళ పడవ గదా అన్నా."

ఏం చెయ్యను? వద్దంటే మళ్ళీ బాధపడతారు. ఒక చెంబెడు తీసుకుని పైకప్పు అంచు వెంట పోసి, గుడ్డతో తుడిచాను. "దీనికి ఇంత చాలక్కా, ఎక్కువ తాగదు" అన్నాను. మిగిలిన కడవలు ఆడవాళ్ళు ఇళ్ళకు మోసుకుపోయారు. నా అన్నం మాత్రం ఆ ఇంట్లో ఎప్పటిలాగే సాగింది. ఈసారి తొందరగా లేచినా ఎవరూ ఆపలేదు. అందుకని నేనే నిదానంగా తిన్నాను.

కమిటీవాళ్ళు వచ్చారు. పెద్దాయనొకరు పంచె ఎగ్గట్టి దుంగల కిందికి దూరి మరీ చూశారు. బయటికి వచ్చి చేతులు తుడుచుకుంటూ, కారు ఇక్కడే ఉంటుందన్నారు. నా గుండెల మీదినుంచి పెద్ద బండ దిగింది. గేటు గడియ తప్పింది. పాలేలకు డాక్టరమ్మ నిలిచింది. ఆ తరువాత ఎన్నో చలికాలాలు ఆ కారు ఉప్పుకాలవ దాటింది. ఆ పైకప్పు మడతలో మళ్ళీ ఒక్క పొక్కు రాలేదు.

కానీ ఆ రోజు ఆ పెద్దాయన "దీన్ని ఇంత బాగా ఎవరు చూసుకుంటున్నారు?" అని అడిగినప్పుడు, నేను నూనె చేతులతో అక్కడే ఉన్నాను. మేనేజరు గారు ఒక అడుగు ముందుకేసి, "ఒక పొరపాటు జరుగుతా ఉంటే నేనే స్వయంగా పాలెం పోయి కనిపెట్టినానండీ" అన్నారు. అది అబద్ధమని అనలేను. ఆయనంత దగ్గరగా ఎవరూ కనిపెట్టలేదు. తరువాత లోపలికి వెళ్ళి అందరూ కాఫీ తాగారు. నాకు ఎవరూ పంపలేదు.

డాక్టరమ్మ గారు ఉన్నన్నాళ్ళూ నేను ఈ సంగతి ఎత్తలేదు. ఆమెకు తెలుసు, అది చాలనుకున్నాను. ఆమె ఇప్పుడు లేరు. పాలెం పెద్ద లేడు. కాంపౌండరు వాళ్ళ అబ్బాయి దగ్గర ఉన్నాడు, చెవులు వినబడవు. కారును అమ్మేశారు. తెలిసినవాళ్ళలో ఇక్కడ మిగిలింది నేనూ మేనేజరు గారూ. అందుకే సంచికలో ఆ మాట చూశాక ఊరుకోలేకపోయాను. ఇంతా రాశాక నా మనసు చాలావరకు కుదుటపడింది. కారు నిలిచింది, పాలెం నిలిచింది, నా నూనె మంచిదే. మోచెయ్యి సంగతి కూడా వదిలేస్తాను. పొరపాటు కనిపెట్టిన ఘనత మేనేజరు గారిదేనంటే అదీ ఆయనకే ఇచ్చేస్తాను.

మిగిలింది ఒక్కటే. మేనేజరు గారూ, మీరు ప్రతి ఆదివారం గుడిలో ముందు బల్ల మీద కూర్చుంటారు. నేను మీ వెనక బల్ల మీద కూర్చుంటాను. ఆరాధన కాగానే మీరు వెనక్కి తిరిగి, "ఆరోగ్యం ఎట్టా ఉండాది?" అని అడుగుతారు. నేను బాగుందని చెబుతాను. ఈ ఆదివారం నేను చెప్పను, నేనే అడుగుతాను. వరండాలో, గూడూరు ఆవిడ ముందు, బండి తోలే ముసలాయన ముందు, నర్సమ్మ ముందు, నేను ఆ కారు మీద చేపల గంపలు మోశానన్నారు. నేను మోశానా, మోయలేదా?

నర్సమ్మ కూడా ఆ వరసలోనే కూర్చుంటుంది. ఆమెకు వినబడేట్టు చెప్పండి.